బోరింగు నీళ్ళు

తల్లీ లీనా,

నిన్న పున్నమికి పగోడాలో బుద్ధుడి ముందు పంచశీల పలుకుతూ, ‘అబద్ధమాడను’ దగ్గర ఆగిపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నువ్వూ నీ స్నేహితులూ సెలవుల్లో మా ఊరొచ్చి వేసిన బోరింగు నీళ్ళు తియ్యగా ఉన్నాయన్నాను. నిజానికి అవి ఇనుము వాసన, వండితే అన్నం ఎర్రబడుతుంది. మీ వ్యాను ఊరు దాటగానే పక్కింటి సోఫల్ వదిన, “గేదెలకిక రోజూ తలంటే!” అని నవ్వింది. మేమింకా జాడీల్లో పట్టిన వాననీళ్ళే తాగుతున్నాం. మీ మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు.

ఇప్పుడు పక్క ఊళ్ళలోనూ బోరింగులు వేస్తామని, మా బోరింగు గురించి మంచిమాట రాసి పంపమన్నావు. రాయలేను. అక్కడి నేలా ఇలాంటిదే. ముందు ఆ ఊళ్ళవాళ్ళనడుగు. “మంచిదే” అన్నా నమ్మకు. దాహమని చెప్పి, నీకు నీళ్ళు ఎందులోంచి ముంచి తెస్తారో చూడు.

ఈ ఉత్తరం నీ దగ్గరే దాచుకో, నీ స్నేహితులకు చూపకు. బోరింగు వేసి బొబ్బలెక్కిన వాళ్ళ చేతులకు పసుపు రాసింది నేనే.