చర్చి పుస్తకంలో తెక్లా పెళ్ళి

మానిటోబా, కెనడా
5 సెప్టెంబరు 1926

పరస్కా అక్కకు, ఇక్కడ మేమంతా కులాసా. నా రెండు నెలల తెక్లా ఒళ్ళు చేసింది.

మన ఉక్రెయిన్ వాళ్ళ చర్చిలో పుస్తకం రాసేది మా ఆయన ఒనూఫ్రీయే కదా. తెక్లా బాప్తిస్మం నాడు విందు హుషారులో ఆ వివరాలు పెళ్ళిళ్ళ పేజీలో రాసేశాడు. బిడ్డకు పూచీగా, జ్ఞానతండ్రిగా నిలబడిన మన ఊరి సెమ్కో మామ పేరు వరుడి గడిలో పడింది.

మొన్న ఆదివారం మామ, మలాంకా అనే వితంతువును వెంటబెట్టుకుని, పెళ్ళి చేయమని ఫాదరుగారిని అడిగాడు. ఆయన పుస్తకం తిరగేసి, "నీకు పెళ్ళాం ఉందిగా సెమ్కో, పేరు తెక్లా" అన్నారు.

"దానికింకా పళ్ళే రాలేదండీ" అన్నాడు మామ.

"నీకు మాత్రం ఉన్నాయేంటి?" అంది మలాంకా.

అందరూ నవ్వారు గాని ఫాదరుగారు నవ్వలేదు. మా పుస్తకాన్ని ఇక నమ్మరట. మామ మొదటి భార్య చనిపోయినట్టు మన ఊరి చర్చి నుంచి కాగితం రావాలన్నారు. క్రిస్మస్ ఉపవాసాలు మొదలైతే పెళ్ళిళ్ళు చేయరు. మలాంకా అంతవరకే ఆగుతుందట. కాబట్టి ఆలస్యం చేయకుండా కాగితం పంపు. దాంతోపాటే ఒక పొట్లం గసగసాల విత్తనాలు కూడా పెట్టు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆవు ఈనిందా? పుస్తకం ఇప్పుడు నా చేతికొచ్చింది, ఒనూఫ్రీ అలిగాడు.

మామ నీకొక మాట రాయమన్నాడు: "కాగితం తీసుకున్న రోజున నా భార్య సమాధి దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించమను. పెళ్ళి సంగతి మాత్రం ఆమె దగ్గర ఎత్తొద్దను. నేనే నెమ్మదిగా చెప్పుకుంటాను."

పిల్లలను దేవుడు చల్లగా చూడాలి.

నీ చెల్లెలు
యూస్తినా