పన్నెండు వారాల ముఖం

సొరంగం దొరగారికి,

కళ్ళద్దాల కొట్టు నుంచి మీ ఆవిడ రాస్తున్నది. మీ కొండ మీద ఫోను పలకదు కాబట్టి కాగితమే గతి. నేను బాగానే ఉన్నాను, ముఖం తప్ప. ఇంతకంటే రాయలేను. వచ్చే నెల సెలవు పెడతానన్నారు కదా, పెట్టకండి. పన్నెండు వారాలు పోనివ్వండి. అందాకా మీకు ముఖం చూపించే ఉద్దేశం లేదు.

ఉంటాను,
మీ ఆవిడ

తా.క. కారణం అడగొద్దు. గట్టిగా అడిగితే చెబుతానేమో.

*

ప్రియమైన అద్దాల డాక్టరుకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం వచ్చిందని అర్థమైంది, దేనికో అర్థం కాలేదు. అందుకని గుర్తున్నవన్నీ ఒప్పుకుంటున్నాను. మీ అన్నయ్య పాట అందుకోగానే కరెంటు పోయింది చూడు, మెయిన్ ఆపింది నేనే. నీ ఊదారంగు చీర మీద మచ్చ ఇస్త్రీ అతని పని కాదు, నాది. మీ చిన్నత్త వచ్చిన రోజు నాకు ఏ పనీ లేదు, పార్కులో కూర్చున్నాను. వీటిలో ఏదీ కాకపోతే రాయి, ఇంకా ఉన్నాయి.

నువ్వు వద్దన్నావు కదా అని నా సెలవు ఫోర్‌మన్‌కి ఇచ్చేశాను. వాళ్ళావిడ రమ్మందట.

ఇట్లు,
రావద్దనిపించుకున్నవాడు

తా.క. ఇక్కడ రాయి తొలిచేకొద్దీ ఇంకా రాయే వస్తోంది. నువ్వు గుర్తొస్తున్నావు. ఈ రెండు మాటలకీ సంబంధం లేదు.

*

కరెంటు దొరగారికి,

చీర సంగతి నాకు తెలియదు. ఇప్పుడు నిజంగానే కోపం వచ్చింది.

అసలు సంగతి మొటిమలు. ముప్పై ఆరేళ్ళకి, కాలేజీ పిల్లలా, గడ్డం నిండా. కొత్త అద్దాలు పెట్టి ‘ఇప్పుడెలా కనిపిస్తోందండీ’ అంటాను. వచ్చినవాళ్ళు ఎదురుగా ఉన్న నా గడ్డం చూసి ‘అన్నీ చాలా స్పష్టంగా’ అంటారు.

డాక్టరమ్మ ఒక వరస పెట్టింది. పొద్దున మెత్తటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజరు, గుమ్మం దాటేముందు సన్‌స్క్రీన్. సాయంత్రం మళ్ళీ కడిగి, ఆరాక, శనగగింజంత మందు ముఖమంతా పలచగా. పన్నెండు వారాలు ఒక్క పూట మానకూడదట. మొదట్లో ఇంకా ఎక్కువయ్యాయి, ‘మామూలే, ఆపొద్దు’ అంది. మందు ఆరేదాకా దేన్నీ ముట్టుకోకుండా కూర్చుంటాను. మీరు బాగా గుర్తొచ్చేది ఆ పావుగంటే.

అయినా సెలవు ఇచ్చెయ్యమని ఎవరన్నారు? రావద్దంటే, ఎందుకు రావద్దన్నావని అడగడానికైనా వస్తారనుకున్నాను.

మీ ఆవిడ

తా.క. గిల్లకూడదట. నేను గిల్లలేదు. ఒక్కటే.

*

ప్రియమైన నీకు,

నీ వరస చదివాను. ఆరు వారాలు అయ్యాయి, ఇంకా ఆరున్నాయి. మానకు. నేను పన్నెండో వారం దాటాకే వస్తాను.

ఉంటాను.

తా.క. ఏమీ లేదు.

*

ఇంటి దగ్గరున్న మీకు,

మీ గదిలో, మీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

‘ఏమీ లేదు’ అని రాసే మనిషి కాదు మీరు. మనసు విరిగిందేమోనని భయం వేసింది. ఉన్నది ఈ ముఖమే, చూస్తే చూశారు అనుకుని, కొట్టులో మూడు రోజులు సెలవు చెప్పి బస్సెక్కాను. తీరా వస్తే మీ వంటాయన తెల్లబోయాడు. ‘సారు నిన్న పొద్దున్నే ఇంటికి బయల్దేరారమ్మా, ఇక ఉండలేనన్నారు.’

మీ అద్దం పక్కన నా ఉత్తరం అంటించి ఉంది. దాని అంచున పొద్దుటికొక టిక్కు, సాయంత్రానికొక టిక్కు. కింద నేను వాడేలాంటి ట్యూబులే, అదే వరసలో. నా మీద బెంగతో పెట్టుకున్నారనుకుని కళ్ళు తుడుచుకుంటుంటే వంటాయన అన్నాడు: ‘సారుకీ ఈ మొటిమలే కదమ్మా. రాతిదుమ్ము, పైన హెల్మెట్టు పట్టీ. ఈ ముఖంతో ఆవిడ ముందుకి ఎలా పోతానని సెలవు ఫోర్‌మన్‌కి ఇచ్చేశారు.’

నేను వద్దన్నందుకు కాదన్నమాట. ఎంత నవ్వానో చెప్పను.

కిందికి పోయే జీపులో మోటారు ఎక్కించారు. నాకు చోటు లేదు, ఉత్తరానికి ఉందట. రేపటి బస్సుకి వస్తున్నాను. తాళంచెవి కొట్టులో ఉంది. మీరు మళ్ళీ ఇటు బయల్దేరకండి. ఇద్దరిలో ఒకరైనా ఒకచోట కుదురుగా ఉండాలి.

మీ
మొటిమల మనిషి

తా.క. నిన్న రెండు పూటలూ టిక్కు లేదు, ట్యూబులూ ఇక్కడే వదిలేశారు. ప్రయాణంలో మానేసినట్టున్నారు. నేనూ మానేశాను. డాక్టరమ్మకి ఇద్దరం కలిసే చెబుదాం.