త్రేన్పు రాని కారు

మార్చి 3

మెకానిక్ ఇంటికొచ్చి రేడియేటర్ పైపు మార్చి వెళ్లాడు. కూలెంట్ మాత్రం నేనే పోసుకుంటానన్నాను, ఎప్పటిలాగే. అతనికి తొందరెక్కువ.

నా నడుము సంగతి చూసి అమ్మాయి తాను పోస్తానంది. పోయమన్నాను. నేర్పింది నేనే కదా. మనవరాలు పసిగుడ్డుగా ఉన్నప్పుడు, దాన్ని భుజాన వేసుకుని వీపు నిమురుతున్న అమ్మాయికి బానెట్ ముందే పాఠం చెప్పాను. కారుకీ పాలు పట్టినట్టే పట్టాలి. ముక్కు ఎత్తున ఉంచాలి. హీటర్ పూర్తిగా తిప్పాలి. సన్నధారగా పోసి, ఇంజిన్ నడిపించి, లోపలి గాలి బుడగలుగా వచ్చేసేదాకా మూత పెట్టకూడదు. త్రేన్పు తెప్పించకుండా పడుకోబెడితే బిడ్డయినా కక్కుతుంది, బండయినా కక్కుతుంది.

మధ్యాహ్నం హాయిగా కునుకు తీశాను.

మార్చి 5

ఫ్లైఓవర్ మీద కక్కింది.

అక్క దగ్గరికి వెళ్తున్నాను. మంచం దిగలేని మనిషి, వారం వారం పేకముక్కలు కలిపి పెట్టుకుని నా కోసం చూస్తుంది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఆవిరి కమ్మేసింది. ముందూ వెనకా లారీలు. హీటర్ తిప్పితే చల్లగాలి. ఇంజిన్ ఉడికిపోతుంటే చల్లగాలి వచ్చిందంటే, లోపల గాలి చిక్కుకుందన్నమాట.

అల్లుడు వచ్చి, ఈ వయసులో ఇవన్నీ ఎందుకత్తయ్యా అన్నాడు. కారు కూడా పాతదైపోయిందని అమ్మాయి అంది. ఆ ‘కూడా’ దగ్గర కాసేపు ఆగాను.

మార్చి 6

ఇంజిన్ బతికిందట. ఎక్కడా కారడం లేదట, గాలేనట. ఎవరు పోశారని మెకానిక్ అడిగాడు. నేనే అన్నాను. కూతురి పరువు కదా. అతను అల్లుడి వైపు తిరిగి, పెద్దమ్మగారికి ఇక కష్టమేనన్నాడు. నేను నోరు మూసుకున్నాను. అరుదైన సంఘటన కాబట్టి రాసి పెడుతున్నాను.

మళ్లీ పోసి పెడతానన్నాడు. వద్దన్నాను. జాలిగా చూశాడు.

మార్చి 7

కారు కొంటానని ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి వెళ్లాడు. రమ్మన్నది నేను కాదు.

మార్చి 8, ఉదయం

అమ్మాయి మరిచిపోయే మనిషి కాదు. తలుపు గడియ వేశాక కూడా లాగి చూసుకునే రకం. వంటింట్లోకి వెళ్లి, ఆ రోజు బుడగలు వచ్చాయా అని అడిగాను. గిన్నె తోముతూనే ఉంది. అబద్ధమాడటం దానికి చేతకాదు, నా పెంపకంలో లోపం.

“కారు నడపడం మానెయ్యమని నేను చెప్తే నువ్వు వినవమ్మా. కారు చెప్తే వింటావనుకున్నా. వీధి మలుపులోనే ఆగిపోతుందనుకున్నాను గానీ, ఫ్లైఓవర్ దాకా పోతుందనుకోలేదు.”

పాఠం బాగానే వంటబట్టింది. తిరగేసి అప్పజెప్పింది. ఏకు మేకవడమంటే ఇదే.

అదీ సహిస్తాను. కానీ మెకానిక్‌తో నేనే పోశానన్నప్పుడు అది నా పక్కనే నిలబడి ఉంది. చున్నీ కొసతో చెయ్యి తుడుచుకుంది.

మధ్యాహ్నం

కారును గేటు ముందు ఎత్తు మీదికి అల్లుడి చేత తోయించాను. కొనేవాళ్లకి బాగా కనబడుతుందన్నాను. చెమటోడ్చి తోశాడు, పాపం. నడుము పట్టుకుని నేనే పోశాను. బుడగలు గుడగుడమంటూ వస్తూనే ఉన్నాయి. అమ్మాయి గరాటు తెచ్చి అందించింది. గరాటు తీసుకున్నాను, దాని మొహం చూడలేదు.

మార్చి 9

అమ్మాయిని పక్క సీట్లో కూర్చోమన్నాను. ఫ్లైఓవర్ ఎక్కాం. ఎండ మండిపోతోంది. అద్దాలు ఎత్తేసి హీటర్ పూర్తిగా తిప్పాను. నిప్పులాంటి గాలి కొట్టింది.

అద్దం దించమని అది అడగలేదు. అక్క ఇల్లు వచ్చేదాకా నేనూ దించలేదు.