ముగ్గురికీ సరిపోయే నమూనా

ప్రియమైన అక్కకి,

మేం కులాసా. కొత్త ఉద్యోగం ఏమిటని అడిగావు. వేరువేరు చదువులవాళ్ళు కలిసి పరిశోధన చేసేటప్పుడు, ఎవరేం చెయ్యాలో ముందే కాగితం మీద పెట్టించడం నా పని. నా వంతుకి ఒక డాక్టరుగారు, ఒక ఇంజనీరుగారు, ఒక గణాంకాల మేడమ్ వచ్చారు. ఊళ్ళో మంచినీళ్ళు ఎందుకు పాడవుతున్నాయో తేల్చాలి.

"రేపు నమూనాతో రండి" అన్నాను. ముగ్గురూ "ఓ, అలాగే" అన్నారు. మర్నాడు డాక్టరుగారు సీసాలో నీళ్ళు తెచ్చారు. ఇంజనీరుగారు అట్టలతో చేసిన వడపోత యంత్రం తెచ్చారు. మేడమ్ సర్వేకి ఎంచిన మూడు వందల ఇళ్ళ జాబితా తెచ్చింది. "నమూనా అంటే ఇదీ!" అని ముగ్గురూ గొంతులు చించుకున్నారు. ఇప్పుడు ముగ్గురి మధ్యా మాటల్లేవు. వచ్చే నెలాఖరుకి మూడు సంతకాలతో ప్రణాళిక పై ఆఫీసుకి చేరకపోతే వాళ్ళ పరిశోధనా ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు.

నీ చెల్లి

తా.క. రాజీ కుదురుతుందని డాక్టరుగారి నీళ్ళు ఇంజనీరుగారి యంత్రంలో పోశాను. అట్ట నానిపోయింది.

---

చిరంజీవి చెల్లికి, అక్క ఆశీస్సులు.

ఇంతమాత్రానికే బెంబేలా? మేం ముగ్గురు తోడికోడళ్ళం పదకొండేళ్ళు ఒకే వంటగదిలో నెగ్గుకొచ్చాం. మొదటి వారంలో "కాస్త ఉప్పు" అంటే పెద్దావిడకి చిటికెడు, నాకు చెంచాడు, చిన్నదానికి గుప్పెడు. ఎవరికి వాళ్ళం వేశాం. ఆ పూట ఇంటిల్లిపాదీ మంచినీళ్ళతోనే కడుపు నింపుకున్నారు. మర్నాడే తలుపు వెనక కాగితం అంటించాను. కాస్త అంటే అర చెంచా. ఇప్పుడే అంటే పావుగంట. "నేను చూసుకుంటాలే" అన్నవాళ్ళే గిన్నె కూడా కడగాలి.

ముగ్గురూ వెంటనే "అలాగే" అన్నారంటే ఎవరికీ అర్థం కాలేదన్నమాట. అర్థమైతే ఒక్కరైనా పోట్లాడేవారు.

మీ అక్క

తా.క. మరిదిగారి చొక్కాకి కొత్త నమూనా కత్తిరించి ఉంచాను. కావాలంటే రాయి.

---

అక్కా,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. నమూనా వెంటనే పంపు. ముగ్గురికీ సరిపోవాలి సుమా!

హడావిడిలో, చెల్లి

తా.క. డాక్టరుగారికి బిగింపులు గిట్టవు. ఆయన దగ్గర కాస్త వదులు ఉంచు.

---

బంగారుతల్లికి,

ముగ్గురు పండితులకీ ఒకే రకం చొక్కా! ఈ ఉపాయం నాకే తట్టలేదు. ఒకే గుడ్డ తొడుక్కుంటే ఒకే మాట మీద ఉంటారు. నమూనా ముక్కలు ఈ కవరులోనే పెట్టాను. డాక్టరుగారికి రెండంగుళాలు వదులు. మేడమ్ భుజాల కొలత రాసి పంపమను.

నీ మేలు కోరే అక్క

తా.క. రెండు చేతులూ ఒకేవైపువి కత్తిరించనివ్వకు. మరీ ఎక్కువ చదువుకున్నవాళ్ళు అలాగే చేస్తారు.

---

అక్కా, నా అక్కా,

నేనడిగింది నీ తలుపు వెనక కాగితం! కవరు మీటింగులోనే విప్పాను. బల్లంతా ముక్కలు పరుచుకున్నాయి.

"పైపులైనా ఇది?" అన్నారు ఇంజనీరుగారు.

"ఊపిరితిత్తిలా ఉందండీ" అన్నారు డాక్టరుగారు.

"వార్డుల మ్యాపు కాదూ?" అంది మేడమ్.

ముగ్గురికీ తెలియని వస్తువు ముందు ఎవరి పెద్దరికమూ చెల్లలేదు. "ఇక్కడ 'వదులు' అని రాశారు, మీ లెక్కల్లో అంటే ఏమిటమ్మా?" అని డాక్టరుగారు మేడమ్‌ని అడిగారు. ఒకరినొకరు అర్థం అడగడం అదే మొదలు! చొక్కా అని చెప్పాక పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నీ పాత ఉత్తరం చదివి వినిపించాను. ఇప్పుడు ప్రణాళికలో మొదటి పేజీ ఇదీ: నీళ్ళ నమూనా, యంత్రం నమూనా, ఇళ్ళ నమూనా అని విడివిడిగా అనాలి. ఉత్త "నమూనా" అన్నవాళ్ళు మిగతా ఇద్దరికీ టీ పెట్టాలి. "నేను చూసుకుంటాను" అంటే ఏ తేదీకో రాయాలి.

మూడు సంతకాలూ పడ్డాయి. కానీ కంగారులో నీ చొక్కా ముక్కలు కూడా ఫైలుతోపాటు పై ఆఫీసుకి వెళ్ళిపోయాయి. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఇవాళ ఫైలు తిరిగొచ్చింది. ప్రణాళిక మీద అధికారిణిగారు "ఆమోదించడమైనది" అని రాశారు.

ఉద్యోగం నిలబడ్డ నీ చెల్లి

తా.క. చొక్కా ముక్క మీద కూడా ఎర్రసిరాతో రాశారు: "చంక దగ్గర పట్టేస్తోంది, అరంగుళం వదలాలి. మా ఆయనకి కుట్టి చూశాను."