మన ఓడ పేరు యాడికి

షమీమక్కా,

నువ్వు పోయి ఈ పొద్దుటికి ఏడాది. మన నక్షత్ర ఓడకు పేరు పెట్టేసినా.

టీవీలో ఆ అంతరిక్షం సీరియల్ అయిపోయినాక, దాని కథను మనమే పొడిగిస్తాంటిమి కదా. రాయదుర్గంలో జీన్స్ కుట్టే మిషన్ల కాడ నువ్వు చెప్తాంటే, టీ టైములో నేను ఫోన్లో రాస్తాంటి. ఓడకు పేరు తేలకముందే నువ్వు పోతివి.

నేను పెట్టిన పేరు ‘యాడికి’.

మన కథ పెట్టే సీరియల్ అభిమానుల ఫోన్ గ్రూపులో ఒకటే గోల. ‘గరుడ అనో, విజయ అనో పెట్టండి, ఈ మోటు మాటేంది?’ అని ఒకాయన. మన జిల్లాలో ఆ పేరుతో ఊరే ఉండాది, ఓడకుంటే ఏమంట? ఇంకొకామె, ‘బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడగకూడదు, అపశకునం’ అనింది. అది చదివినాక నాకు ఒళ్లు మండింది.

గుమ్మఘట్ట బస్సెక్కేవాళ్లను గూడా నువ్వు ‘యాడికి?’ అని అడిగి తిట్లు తింటాంటివి. ‘అడిగితే ఏమైతాదప్పా? మనల్ని అడిగే మనిషొకరుండారని తెలుస్తాది’ అంటాంటివి. నిన్ను ఆస్పత్రికి తీసుకపోయిన రోజు ఎవరూ నోరు తెరిచి ఆ మాట అడగలేదు. అందరూ శకునం పాటించినారు. ఏం ఒరిగింది?

పేరు మార్చేది లేదని గ్రూపులో రాసేసినా. ఇంక మన ఓడ ఏ గ్రహం దాటినా, ఆడుండేవాళ్లు దాన్ని పేరు పెట్టి పిలవాల్సిందే: ‘యాడికి?’

కెప్టెన్‌కు నీ పేరే పెట్టినా. ఆమె ప్రతిసారీ ఒకటే జవాబు చెప్తాది:

‘పోయొస్తా.’