పదిహేడో వరస

మార్చి 3, మంగళవారం

మా ప్యాకింగ్ షెడ్డులో నలభై ఒక్కమంది ఫోన్లకు కన్నం వేసినవాడు మా సూపర్‌వైజర్. అదీ పట్టపగలు, నవ్వుతూ. హాజరుకు కొత్త యాప్ అట. లొకేషన్, కాంటాక్ట్స్, ఫొటోలు, అన్నిటికీ ఓకే కొట్టాలి. లేదంటే ఆ రోజు పనికి రానట్టే. డబ్బాలకు టేపు వేసేవాడి ఫొటోలు మీకెందుకని అడిగాను. నీ మొహం ఎవడు చూస్తాడ్రా కరపత్రం అన్నాడు. యూనియన్ కరపత్రాలు చదువుతానని నాకు వాడు పెట్టిన పేరది. అందరూ నవ్వారు. నా పక్క టేబుల్ దగ్గర అక్క నవ్వలేదు.

బావ దెబ్బలు పడలేక అక్క వచ్చేసి ఏడు నెలలు. మేం ఎక్కడుంటున్నామో బావకు తెలియదు. తెలియకూడదు.

మార్చి 4

యాప్ వేసుకున్నాను. ఛీ.

మార్చి 6, మధ్యాహ్నం 3

టీ బ్రేక్‌లో సూపర్‌వైజర్ ట్యాబ్ టేబుల్ మీదే వదిలేసి వెళ్లాడు. చూశాను. మా పేర్లు, నంబర్లు, పని అయ్యాక ఎవరు ఏ సందుకు వెళ్తున్నారో కూడా. ఒళ్లు మండిపోయింది. ఫొటో తీసి, 'మా బతుకులు మీ సరుకు కాదు' అని రాసి, పబ్లిక్‌గా పెట్టేశాను. గంటలో మూడొందల షేర్లు! చదివిన కరపత్రాలన్నీ నా వెనకే నిలబడ్డట్టుంది.

మార్చి 7

అక్క నా ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూపించింది. పదిహేడో వరస. తన పేరు, కొత్త నంబరు, మా సందు. వాడు దొంగిలించాడు సరే, నువ్వు ఊరంతా పంచిపెట్టావు కదరా అంది. గొంతు కూడా పెంచలేదు. చెంప పగలగొట్టినా బాగుండేది.

పోస్టు తీసేశాను. అప్పటికే గ్రూపుల్లో తిరుగుతోంది. తీసేయమని ఒక్కొక్కరినీ బతిమాలుతున్నాను. ఒకాయన, భయపడేవాడికి పోరాటం ఎందుకు తమ్ముడూ అని రాశాడు. మొన్నటిదాకా అది నా డైలాగే.

మార్చి 8, ఉదయం

అక్కకు తెలియని నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్. సందులో బైకు ఆగితే చాలు, స్టవ్ దగ్గర నుంచి లేచి తలుపు గడియ తడిమి చూస్తోంది.

మార్చి 9

షెడ్డులో అందరి ముందూ ఒప్పుకున్నాను, మీ వివరాలు బయటపెట్టింది నేనేనని. లేబుళ్లు అంటించే పిన్ని నన్ను చెడామడా దులిపేసింది. ఊపిరి తీసుకుని, సరే, ఏడుపు ఆపి ఏం చేద్దామో చెప్పు అంది. సాయంత్రం వచ్చి అక్కను తనతో తీసుకెళ్లింది. ఎక్కడికో రాయను. ఇందులో కూడా.

మార్చి 10

పిన్నీ నేనూ మిగతా అందరి గుమ్మాలకూ నడిచివెళ్లి నోటితోనే చెప్పాం. రేపు ఉదయం ఎనిమిదికి గేటు బయట. యాప్ తీసేసి రండి. మన పేర్లు మన కళ్లముందే చెరిపేదాకా లోపలికి అడుగు పెట్టొద్దు. ఎవరూ ఫొటో తీయొద్దు.