నా పేరు మీది బీపీ

నర్సమ్మ ఆఫ్రీన్‌కు,

ఫోన్లో చెబుదామంటే మా ఇంటాయన పక్కనే ఉంటాడు. అందుకే రాసి పంపుతున్నాను.

నెలనెలా నా చేతికి బీపీ పట్టీ కట్టి, "మాత్రలు బాగా పనిచేస్తాండాయక్కా" అని మురిసిపోతావు. ఆ మాత్రలు నేనెప్పుడూ మింగలేదు. బీపీ ఆయనకు. ప్రొద్దుటూరు డాక్టరు ఆ మాట చెప్పిన రోజే, "నాకు రోగముందంటే ఊర్లో నా మాట ఎవురింటారు? నీకని చెప్పు" అన్నాడు.

అప్పటినుంచి ఇంటికొచ్చిన వాళ్ల ముందర చప్పిడి పప్పు కలుపుకుంటూ, "ఈమె రోగంతో నా నోరు సచ్చిపాయ" అని నవ్వుతాడు. వాళ్లు నన్ను జాలిగా చూస్తారు.

ఇప్పుడు సర్పంచ్ ఎన్నికల్లో నిలబడ్డానని మాత్రలు కూడా మానేశాడు. జేబులో ఎవరైనా చూస్తారట! నిన్న చీనీ తోటలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. చొక్కా అంతా చెమట. ఆసుపత్రికి పోదామంటే, "గ్యాసు లేవే, ఓట్లైనాక పోదాం" అని సోడా తాగి, మీసం దువ్వుకున్నాడు. చూడలేక ముఖం తిప్పుకున్నాను.

ఈ చీటీ అందగానే రా. అరుగు మీద ఆయన మనుషులు ఉంటారు, ఉండనీ. నేను చేయి చాపను. పట్టీ ఆయన చేతికి కట్టి, వచ్చిన అంకె అందరికీ వినపడేలా చదువు. ఆ తర్వాత 108 బండి నేను పిలుస్తాను. నలుగురూ విన్నాక ఎక్కక ఏం చేస్తాడు?

ఈ పూట నా పప్పులో ఉప్పేసుకుని తిన్నాను.

ఇట్లు,
ఏ జబ్బూ లేని మీ అక్క